బ్రేకర్ పడిందంటే ఏదో చెబుతోంది: పెంపకం షెడ్డు, రీలింగ్ యూనిట్ ప్యానెల్ పాఠం



ఈ వారం పాఠం పురుగు గురించి కాదు, ఆకు గురించి కాదు. షెడ్డు గోడ మీద ఉండే కరెంటు డబ్బా గురించి. హీటర్, ఫ్యాను, హ్యుమిడిఫయర్, ఆకు కత్తిరించే మిషన్, బోరు మోటారు, రీలింగ్ బేసిన్లు అన్నీ ఆ డబ్బా మీదే నడుస్తాయి. అయినా దాన్ని మనం తెరిచి చూసేది కరెంటు పోయినప్పుడు మాత్రమే. కాస్త పొడుగు పాఠం. తీరిగ్గా కూర్చుని చదవండి.

*1. ముందు జరిగిన సంగతి*

మా బంధువుల ఇంట్లో డిసెంబర్ చలిలో 300 గుడ్ల చాకీ మేపుతున్నారు. గదిలో 27, 28 డిగ్రీల వేడి నిలవాలని 2 కిలోవాట్ల హీటర్లు రెండు పెట్టారు. అదే లైను మీద పక్క గదిలో నీళ్ళు కాచే 1.5 కిలోవాట్ల రాడ్ కూడా ఉంది. రాడ్ వేసినప్పుడల్లా కాసేపటికి 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోయేది. లేచి వెళ్ళి ఎత్తేవాళ్ళు, మళ్ళీ పడేది.

"ఇది పదే పదే పడతా ఉంది, పాతదైపోయింది. పెద్దది వేసేద్దాం అన్నా" అన్నాడు వైరింగ్ పని తెలిసిన కుర్రాడు. 16 తీసి 32 ఆంపియర్లది వేశారు. ఆ రోజు నుంచి పడలేదు. అందరికీ సంతోషం.

మూడో రాత్రి గోడలో పైపు జాయింటు దగ్గర వైరు కాలింది. గదంతా ప్లాస్టిక్ పొగ. తెల్లవారి తలుపు తీస్తే రెండో జ్వరం నుంచి లేవాల్సిన పురుగు తట్టల్లోనే చచ్చి ఉంది. మనుషులు పక్క గదిలో పడుకున్నారు కాబట్టి బతికారు.

లెక్క వేసి చూడండి. రెండు హీటర్లు, ఒక రాడ్ కలిపి 5,500 వాట్లు. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే 24 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఒకటిన్నర రెట్లు, అందుకే పడేది. 32 ఆంపియర్ల దానికి 24 అంటే మామూలు లోడే, అది ఎందుకు పడుతుంది? కానీ లోపల వైరు మారలేదు. అదే పాత 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, అదే వదులు జాయింటు. పాత ఎంసీబీ చెడిపోలేదు. మూడు వారాలుగా అది నిజం చెబుతూనే ఉంది, వినలేదు మనమే.

ఈ పాఠంలో గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే: *బ్రేకర్ కాపాడేది మోటారునో హీటరునో కాదు, ముందుగా వైరును. పడితే కారణం వెతకాలి, నోరు మూయించకూడదు.*

*2. డబ్బాలో ఎవరి పని ఏది*

• *ఎంసీబీ:* వేలెడంత వెడల్పు ఉండే చిన్న బ్రేకర్. లైట్లు, హీటర్లు, చిన్న మోటార్లకు. ఓవర్‌లోడును, షార్ట్‌ను చూస్తుంది.

• *ఎంసీసీబీ:* ఇటుకంత నల్లటి పెట్టె, పొడుగాటి పిడి. రీలింగ్ యూనిట్‌లో, పెద్ద షెడ్డులో మెయిన్‌గా ఉంటుంది. చేసేది అదే పని, తట్టుకునే శక్తి ఎక్కువ. కొన్నింట్లో ఎన్ని ఆంపియర్లకు పడాలో తిప్పి పెట్టుకునే చిన్న డయల్ ఉంటుంది.

• *ఆర్‌సీసీబీ:* 'టీ' అని రాసిన బటన్ ఉండేది. దీని పని వేరు. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తుంది. తేడా వస్తే ఎక్కడో భూమిలోకో మనిషిలోకో లీకవుతోందని లెక్క. మనుషుల రక్షణకు వాడేది 30 మిల్లీఆంపియర్లది.

• *స్టార్టర్:* మోటారును ఆన్, ఆఫ్ చేస్తుంది, ఓవర్‌లోడ్ రిలే ఉంటే మోటారును కాపాడుతుంది. ఇది బ్రేకర్ కాదు.

ఇక్కడ చాలామంది పొరపడతారు. "ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుంది" అనుకుంటారు. పడదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. తడి నేల, తడి చేతులు ఉండే పెంపకం షెడ్డుకు, నీటి బేసిన్ల మధ్య పని చేసే రీలింగ్ యూనిట్‌కు ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. అలాగని ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే ఓవర్‌లోడుకు రక్షణ లేదు. రెండూ కావాలి. మంచి ఎర్తింగ్ మూడోది.

త్రీ ఫేజ్ మోటారుకు ఇంకో సంగతి. ఒక ఫేజ్ పోయి రెండింటి మీద మోటారు గుర్రుమంటుంటే ఎంసీసీబీ సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు. ఆ పనికి సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, సరిగ్గా సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే ఉండాలి.

*3. పడిన తీరును బట్టి రోగం*

ఎంసీబీ, ఎంసీసీబీ లోపల రెండు రకాల కాపలా ఉంటుంది. ఒకటి వేడికి వంగే రెండు లోహాల పట్టీ. లోడు కొంచెం ఎక్కువైతే ఇది మెల్లగా వేడెక్కి, వంగి, గొళ్ళెం తీస్తుంది. రెండోది అయస్కాంతపు చుట్ట. షార్ట్ అయి కరెంటు ఒక్కసారిగా ఎగబాకితే ఇది కన్ను మూసి తెరిచేలోపు గొళ్ళెం లాగేస్తుంది. కాబట్టి *ఎప్పుడు పడింది* అన్నదే మొదటి ఆనవాలు.

• *ఎత్తగానే టప్పున పడింది:* షార్ట్. వైరు, మోటారు వైండింగ్, హీటర్ కాయిల్ ఎక్కడో కలిసిపోయాయి. మళ్ళీ ఎత్తకూడదు.

• *పది నిమిషాలకో అరగంటకో పడింది:* లోడు ఎక్కువ, లేదా స్క్రూ వదులు.

• *మధ్యాహ్నం మాత్రమే పడుతోంది, రాత్రి బాగుంటోంది:* డబ్బా ఎక్కడుందో చూడండి. మామూలుగా ఎంసీబీని 30 డిగ్రీల వేడి దగ్గర లెక్క కట్టి తయారుచేస్తారు. రేకు కింద, ఎండ తగిలే గోడ మీద డబ్బా లోపల 45 దాటితే అదే లోడుకు ముందే పడుతుంది. డబ్బాకు నీడ కావాలి, బ్రేకర్ మార్చక్కర్లేదు.

• *కొత్తది వేసినా అదే చోట పడుతోంది, లోడు కూడా తక్కువే:* టెర్మినల్ వదులుగా ఉండొచ్చు. అక్కడ పుట్టిన వేడి లోపలి పట్టీకి పాకి, దాన్ని వంచుతుంది. వాసన, నల్లబడ్డ ఇన్సులేషన్ చూడండి.

• *ఆర్‌సీసీబీ పడుతోంది:* లీకేజీ. షెడ్డులో ఎక్కువగా హ్యుమిడిఫయర్, పాత హీటర్, తడిసిన ప్లగ్గు దోషులు. అన్నీ ప్లగ్గుల నుంచి పీకి, ఒక్కొక్కటే పెట్టి చూస్తే దొరికిపోతుంది. "ఊరికే పడతా ఉంది, డైరెక్ట్ ఇచ్చెయ్" అని మాత్రం ఎలక్ట్రీషియన్‌తో అనకండి.

*4. బ్రేకర్ మీద రాసింది చదవడం*

మీ డబ్బాలో ఒక ఎంసీబీ తీసుకుని చూడండి. 'సీ 16' లాంటి గుర్తు ఉంటుంది. 16 అంటే ఆంపియర్లు. ముందున్న అక్షరం అయస్కాంతపు కాపలా ఎంతకు స్పందిస్తుందో చెబుతుంది. 'బీ' రకం 3 నుంచి 5 రెట్లకు, 'సీ' రకం 5 నుంచి 10 రెట్లకు, 'డీ' రకం 10 నుంచి 20 రెట్లకు.

ఇది రైతుకు ఎందుకంటే, 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు నడిచేటప్పుడు తీసుకునేది సుమారు 8 ఆంపియర్లు. డైరెక్ట్ స్టార్టర్‌తో ఎత్తుకునేటప్పుడు క్షణం పాటు ఆరు, ఏడు రెట్లు, అంటే 50 దాకా లాగుతుంది. 'బీ 16' అయితే 48 నుంచి 80 మధ్య ఎప్పుడైనా పడొచ్చు, మోటారు ఎత్తుకోకముందే పడిపోవచ్చు. 'సీ 16' అయితే 80 దాకా ఓర్చుకుంటుంది. ఇలాంటి చోట మార్చాల్సింది అక్షరం, అంకె కాదు.

అంకెను వైరు నిర్ణయిస్తుంది. పైపులో లాగిన రాగి వైరుకు జాగ్రత్త లెక్క ఇది:

1.5 స్క్వేర్ ఎంఎం: 10 ఆంపియర్లు
2.5 స్క్వేర్ ఎంఎం: 16 ఆంపియర్లు
4 స్క్వేర్ ఎంఎం: 25 ఆంపియర్లు
6 స్క్వేర్ ఎంఎం: 32 ఆంపియర్లు

పెద్ద బ్రేకర్ కావాలంటే ముందు పెద్ద వైరు లాగాలి. లేదా లోడును రెండు లైన్లుగా విడగొట్టాలి. మా బంధువులకు రాడ్‌కు విడిగా ఒక లైను, రెండు హీటర్లకు చెరొక లైను లాగి ఉంటే సరిపోయేది. కొన్ని మీటర్ల వైరు ఖర్చు, అంతే.

ఇంకో గుర్తు, చిన్న గడిలో 6000 అనో 10000 అనో ఉంటుంది. షార్ట్ అయినప్పుడు ఎన్ని ఆంపియర్లను పగలకుండా తెంచగలదో ఆ అంకె చెబుతుంది. పదివేలు అంటే 10 కేఏ. మీకు ఎంత కావాలో ట్రాన్స్‌ఫార్మర్‌ను బట్టి అంచనా వేయొచ్చు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడు సుమారు 139 ఆంపియర్లు. దాని పలక మీద ఇంపిడెన్స్ 4.5% అని ఉంటే, 139ని 0.045తో భాగించండి. దాదాపు 3,100 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే షార్ట్ అయినా దాదాపు అంతే, దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఊరి లైను మీద ఉన్న షెడ్డుకు 10 కేఏ ఎంసీబీ ధారాళంగా చాలు. అదే 500 కేవీఏ సొంత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకున్న పెద్ద యూనిట్‌లో అదే లెక్క 15 కేఏ దాటుతుంది. అక్కడ మెయిన్‌గా తగిన కేఏ ఉన్న ఎంసీసీబీయే ఉండాలి. చాలనిది పెడితే షార్ట్ రోజున బ్రేకరే బాంబులా పగులుతుంది.

*5. ఎత్తడం, దించడం సరిగ్గా ఎలా*

ఎంసీసీబీ పిడికి మూడు స్థానాలు. పైన ఆన్, కింద ఆఫ్, మధ్యలో ఆగితే ట్రిప్. మధ్యలో ఉన్నదాన్ని నేరుగా పైకి నెడితే ఎక్కదు. ముందు గట్టిగా కిందికి, ఆఫ్ దాటి నొక్కితే లోపల గొళ్ళెం కూర్చుంటుంది. అప్పుడు పైకి. చాలామంది "పాడైపోయింది" అని పారేసేది ఈ సంగతి తెలియకే.

పిడిని బలవంతంగా పైకి పట్టుకున్నా, కట్టెతో బిగించినా లాభం లేదు. లోపల అది పడిపోతుంది, అలా పడేలాగే చేస్తారు.

పడినప్పుడు చేయాల్సిన వరస:

ఒకటి: ఆ లైను మీదున్న హీటర్లు, మోటార్లు అన్నీ ఆఫ్ చేయండి. స్టార్టర్ ఆటోలో ఉంటే ఆటో తీసేయండి.
రెండు: పడిన తీరు గుర్తు చేసుకోండి. టప్పున పడిందా, కాసేపటికా? వాసన, మసి, తడి ఉన్నాయా?
మూడు: షార్ట్ లక్షణం ఉంటే అక్కడే ఆగండి. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.
నాలుగు: కారణం దొరికి, దాన్ని విడదీశాక మాత్రమే, లోడు లేకుండా ఎత్తండి. డబ్బా తలుపు మూసి, పొడి చెప్పులతో, పొడి చేత్తో, డబ్బాకు ఎదురుగా కాకుండా ఒక పక్కన నిలబడి, ముఖం తిప్పుకుని.
ఐదు: నిలిస్తే ఒక్కో లోడు వేసుకుంటూ రండి. పడితే ఇక రెండోసారి ఎత్తొద్దు.

ఐదో దశలో పురుగు ఆకలి మీద ఉంటుంది, తోటకు నీళ్ళు కావాలి, తొందర ఉంటుంది, నిజమే. కానీ షార్ట్ మీద బ్రేకర్‌ను మళ్ళీ మళ్ళీ ఎత్తిన ప్రతిసారీ లోపలి కాంటాక్టులు కాస్త కాలుతాయి. అవి అతుక్కుపోతే ఆ తర్వాత అది ఎప్పటికీ పడదు.

*6. పంటకూ పంటకూ మధ్య తనిఖీ*

మన పనిలో ఒక మంచి అలవాటు ఉంది. పంట అయ్యాక షెడ్డు కడిగి, మందు కొట్టి, ఆరబెడతాం. ఆ రోజుల్లోనే డబ్బాకూ ఒక గంట ఇవ్వండి. ఏడాదికి ఐదారు పంటలు తీసే ఇంట్లో ఐదారు తనిఖీలు అయిపోతాయి.

మన డబ్బాలకు ప్రత్యేకమైన శత్రువు కూడా ఆ మందులోనే ఉంది. 2% బ్లీచింగ్ పౌడర్ ద్రావణం కొట్టినప్పుడు వచ్చే క్లోరిన్ ఘాటు పురుగు రోగాలను చంపుతుంది, రాగి, ఇత్తడి, ఇనుము స్క్రూలనూ తింటుంది. ఆకుపచ్చ చిలుము పట్టిన టెర్మినల్ అంటే అదే. రీలింగ్ యూనిట్‌లో అయితే బేసిన్ల ఆవిరి రాత్రి చల్లబడి ప్యానెల్ లోపల చెమటలా పడుతుంది. అందుకని:

• మందు కొట్టే ముందు మెయిన్ ఆఫ్ చేసి డబ్బాను పాలిథిన్‌తో గట్టిగా చుట్టండి. పిచికారి డబ్బా వైపు పట్టొద్దు.
• షెడ్డు ఆరాక పాలిథిన్ విప్పాకే కరెంటు ఇవ్వండి. చుట్టి ఉంచి నడిపితే లోపలి వేడి బయటికి పోదు.

*తెరిచే ముందు:* మెయిన్ ఆఫ్ చేసి, తాళం వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. "పని జరుగుతోంది" అని అట్ట కట్టండి. జనరేటర్, ఇన్వర్టర్, సోలార్ ఉంటే అవి కూడా ఆఫ్. లేదంటే వెనక నుంచి కరెంటు వస్తుంది. మన త్రీ ఫేజ్ ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. "ఇప్పుడు కరెంటు లేదులే" అని తెరవొద్దు. ముందు కరెంటున్న చోట టెస్ట్ ల్యాంప్ వెలుగుతుందని చూసుకోండి, తర్వాత డబ్బాలో చూడండి, మళ్ళీ కరెంటున్న చోట చూడండి. ల్యాంపే చెడిపోయి ఉంటే తెలియాలి కదా. ఇంకో సంగతి, మెయిన్ ఆఫ్ చేసినా దాని పైవైపు టెర్మినళ్ళలో కరెంటు ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టేది లేదు.

*కంటితో చూసేవి:*

• పెట్టె మీద పగులు, మసి, కరిగిన గుర్తు ఉందా? ఉంటే బ్రేకర్ మార్చాలి. ఎంసీసీబీని విప్పి బాగుచేయించొద్దు, అది మూసి ఉంచాల్సిన వస్తువు.
• మూడు ఫేజుల వైర్ల రంగు ఒకేలా ఉందా? ఒక్కదాని ఇన్సులేషన్ మాత్రం గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి ఉంటే ఆ టెర్మినల్ వేడెక్కుతోంది.
• అల్యూమినియం కేబుల్ నేరుగా రాగి టెర్మినల్‌కు బిగించారా? రెండు లోహాలు కలిసే చోట తుప్పు పడుతుంది, వదులవుతుంది. దానికి తగిన లగ్గు వేయించాలి.
• ఖాళీ రంధ్రాలు మూసి ఉన్నాయా? బల్లి, చీమలు, ఎలుక వచ్చే దారులవి. రెండు ఫేజుల మధ్య పడ్డ ఒక బల్లి చాలు, షార్ట్‌కు.
• ధూళి, సున్నం పొడి ఉంటే పొడి బ్రష్షుతో, వాక్యూమ్‌తో తీయండి. తడి గుడ్డ వద్దు. తుప్పు పోవాలని పిడిలో నూనె పోయొద్దు.

*చేత్తో చేసేవి:*

• లోడు లేకుండా ప్రతి బ్రేకర్‌ను రెండు మూడు సార్లు ఆన్, ఆఫ్ చేయండి. ఏళ్ళ తరబడి కదలని దాంట్లో గ్రీజు గట్టిపడి పడాల్సిన రోజు పడదు.
• ఎంసీసీబీని ఆన్‌లో పెట్టి ట్రిప్ బటన్ నొక్కండి. పిడి మధ్యకు రావాలి. ఇది గొళ్ళెం కదులుతోందని మాత్రమే చెబుతుంది, లోపలి వేడి పట్టీ బాగుందని కాదు.
• డబ్బా మూసి కరెంటు ఇచ్చాక, ఆర్‌సీసీబీ 'టీ' బటన్ నొక్కండి. వెంటనే పడాలి. దీనికి కరెంటు ఉండాలి. పడకపోతే ఆ రోజే మార్చండి. ఈ పరీక్ష మాత్రం నెలకోసారి చేయండి, పంట మధ్యలో అయినా ఒక్క నిమిషమే.

*7. ఎలక్ట్రీషియన్‌తో చేయించేవి*

ఏడాదికోసారి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఈ మూడూ అడిగి చేయించండి. టెర్మినళ్ళను కంపెనీ చెప్పిన బిగువుకు బిగించడం, ఎందుకంటే మితిమీరి బిగిస్తే కూడా మర చెడుతుంది. 500 వోల్టుల మెగ్గర్‌తో ఇన్సులేషన్ కొలవడం, 1 మెగోమ్‌కు తక్కువ రాకూడదు. ఎర్త్ ఎలా ఉందో కొలవడం. పెద్ద షార్ట్ జరిగిన ఎంసీసీబీని కూడా ఈ కొలతలు అయ్యాకే మళ్ళీ ఎత్తాలి.

కొలిచిన అంకెలు డబ్బా తలుపు లోపల ఒక కాగితం మీద తేదీతో రాయించండి. పక్కనే ఏ ఎంసీబీ దేనికో, వైరు ఎంతో కూడా రాయండి. రేపు ఎవరైనా 16 తీసి 32 వేయబోతే ఆ కాగితమే అడ్డుపడుతుంది.

*8. మీరే చూసుకోండి*

ప్రశ్న 1: హీటర్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది, ఎంసీబీ పడలేదు. హీటర్ బాగున్నట్టేనా?
జవాబు: కాదు. ఎంసీబీ లీకేజీని చూడదు. ఇంకోసారి ముట్టుకోకుండా ఎంసీబీ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, హీటర్‌ను పక్కన పెట్టండి. ఆర్‌సీసీబీ, ఎర్త్ చూపించండి.

ప్రశ్న 2: బోరు మోటారు ఎత్తుకునేటప్పుడు 'బీ 16' పడుతోంది, ఎత్తుకున్నాక 8 ఆంపియర్లే. 32 వేయొచ్చా?
జవాబు: వద్దు. మోటారు, కేబుల్ బాగున్నాయని చూపించి 'సీ 16' వేయించండి.

ప్రశ్న 3: ఎంసీసీబీ పిడి మధ్యలో ఉంది, పైకి పోవడం లేదు. ఏం చేయాలి?
జవాబు: ముందు కారణం వెతకాలి. తర్వాత పూర్తిగా కిందికి నొక్కి, అప్పుడు పైకి.

మా బంధువుల ఇంట్లో ఇప్పుడు చాకీ గదికి మూడు విడి లైన్లు, ఒక ఆర్‌సీసీబీ ఉన్నాయి. పాత 16 ఆంపియర్ల ఎంసీబీని మాత్రం ఆ ఇంటి అక్క పారేయనివ్వలేదు. "అది చెప్పింది, మేము వినలేదు" అంటుంది, అటకమీద పెట్టుకుని.

ఈ పంట గూళ్ళు మార్కెట్టుకు వేశాక, షెడ్డు కడిగే ముందు మీ డబ్బా తలుపు ఒకసారి తీసి చూడండి. మెయిన్ ఆఫ్ చేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని.